ఇద్దరిలో ఒకరు

ముందు వినిపించినవి అంకెలు. తలుపు అవతల, మెట్ల మలుపులో, ఒక స్త్రీ గొంతు తగ్గించి లెక్కపెడుతోంది.

"తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్భై తొమ్మిది. డెబ్భై రెండు."

"లాటరీ టికెట్లు అమ్ముకునే మనిషై ఉంటుంది," అన్నాడు ఎవేలియో. పాతికేళ్లు మెదెయీన్ సిటీ బస్సుల్లో కండక్టరుగా పనిచేసి, ఆరేళ్లుగా ప్రైవేట్ డిటెక్టివ్ హెర్సిలియా తోబోన్ దగ్గర సహాయకుడిగా ఉంటున్నాడు. ఆమె తప్పు చెప్పడం అతడింతవరకు చూడలేదు. చూడాలని కోరుకోనూ లేదు.

"లాటరీ నంబర్లు ఏడేసి చొప్పున తగ్గవు," అంది హెర్సిలియా, తల ఎత్తకుండానే. "వందలోంచి ఏడు తీసేస్తూ వస్తోంది. జ్ఞాపకశక్తి పరీక్షలో అడిగే లెక్క అది. తలుపు తియ్యి. రెండు దాకా వస్తే ఇక తీసెయ్యడానికేం మిగలదు, వెనక్కి వెళ్లిపోతుంది."

లోపలికి వచ్చిన స్త్రీ పేరు నోహేలియా సులేతా. వయసు నలభై మూడు. ఉత్తరాన కొండల్లో, బస్సులో మూడు గంటల దూరాన ఉన్న లాస్ ఆనిమాస్ అనే ఊళ్లో బడిపంతులమ్మ. కుర్చీలో కూర్చున్నాక కూడా సంచి ఒళ్లోంచి దించలేదు.

"నాకు జబ్బు వచ్చిందా, వచ్చినట్టు ఇంట్లో ఎవరైనా చేస్తున్నారా, నాకు తెలియాలి దోన్యా," అంది, ఆడవాళ్లను గౌరవంగా పిలిచే అక్కడి పిలుపుతో. "శనివారంలోగా తెలియాలి."

"శనివారం ఏముంది?"

"మా పాపని కాలీ నగరంలో మా ఆడపడుచు దగ్గరికి పంపించేస్తున్నాను. తొమ్మిదేళ్లది. దాని నాన్న పోయాక మేమిద్దరం అన్నయ్య వాళ్లింట్లోనే ఉంటున్నాం. స్టవ్ ఆర్పడం మర్చిపోయే తల్లి దగ్గర పిల్లని ఎలా ఉంచను?"

ఆమె ఊళ్లో ఆ జబ్బుకు బోబేరా అని పేరు. డాక్టర్లు అల్జైమర్స్ అంటారు. మిగతా లోకంలో ముసలితనంలో వచ్చేది, ఆ కొండల్లోని కొన్ని కుటుంబాల్లో నలభై అయిదేళ్లకే వస్తుంది. నోహేలియా తాతకు వచ్చింది. తల్లి ఎమెరీటాకు వచ్చింది. ఆమె మాట పోయి ఎనిమిదేళ్లు. నగరంలోని పరిశోధన కేంద్రంవాళ్లు ఏటా పిలిచి రక్తం తీసుకుంటారు, మాటల జాబితా చదివి తిరిగి చెప్పమంటారు.

"రక్తంలో ఏముందో అడగలేదా?"

"అడిగితే చెప్పే దారి ఉందట. మా ఊళ్లో ఎవరూ అడగరు." నోహేలియా సంచి పట్టీ మెలితిప్పింది. "వచ్చే అవకాశం సగం సగం అని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా. మా అమ్మకి మేం ఇద్దరం. ఒకరికి తప్పదు. నాకొస్తే అన్నయ్యకి రాదు. అదొక్కటే నాకు ఊరట."

లెక్క సరిగానే ఉందన్నట్టు ఎవేలియో తల ఊపాడు. హెర్సిలియా మాత్రం ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

నోహేలియా తీసిన నోటు పుస్తకంలో తేదీలతో సహా అన్నీ ఉన్నాయి. ఫిబ్రవరిలో గడ్డం గీసుకునే రేజర్ ఆమె బియ్యం డబ్బాలో దొరికింది. పాల క్యాన్ మూత ఆమె కుట్టుపెట్టెలో. ఫ్లాస్కు ఆమె దిండు కింద. జున్ను ముద్ద ఆమె బీరువాలో, చీమలు పట్టి. తొమ్మిదిసార్లు, తెల్లవారి ఆరింటికి ఆమె లేచేసరికి స్టవ్ మండుతూ ఉంది.

"నేను పెట్టినట్టు నాకు గుర్తు లేదు. కానీ గుర్తు లేకపోవడమే కదా జబ్బు."

"మార్చిలో రెండు వారాలు వస్తువుల గురించి ఏమీ రాయలేదు," అంది హెర్సిలియా.

"అవును, స్టవ్ సంగతి తప్ప. వస్తువులేవీ దొరకలేదు. వదిన పుట్టింటికి వెళ్లింది. ఇంటి చాకిరీ అంతా నా మీదే పడింది. అయినా ఎందుకో బుర్ర బాగానే పనిచేసింది."

ఆమె వెళ్లిపోయాక ఎవేలియో తల గోక్కున్నాడు. "నాకేం అర్థం కాలేదు దోన్యా. మర్చిపోయిన మనిషి సాక్ష్యం చెబితే, అది సాక్ష్యమా, జబ్బా?"

"అదే ఆమె భయం కూడా. రేపు పొద్దున్నే బస్సు ఎక్కుదాం."

*

గురువారం లాస్ ఆనిమాస్‌లో పొగమంచు వీధిలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి పెరట్లోకి, అడిగేవాళ్లు లేనట్టు తిరుగుతోంది. వసారాలో ఎమెరీటా కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లోని దుప్పటి అంచును మడుస్తోంది, విప్పుతోంది, మళ్లీ మడుస్తోంది. ఆమె గడ్డం తుడిచి, దుప్పటి సర్ది, వచ్చినవాళ్లకు వేడివేడి బెల్లం నీళ్లు ఇచ్చినది కోడలు మిర్యామ్. ఆమె చేతుల్లో తొందర ఉంది, కళ్లలో నిద్ర లేదు.

"మా నోహేలియా చెప్పేవన్నీ రాసుకోకండి," అంది మిర్యామ్. "పాపం, మంచిదే. ఏం చేస్తాం, అత్తయ్యకి కూడా ఇలాగే మొదలైంది. స్టవ్వుతోనే."

"నోహేలియా స్టవ్ వెలిగించడం మీరు చూశారా?"

"ఇంకెవరు వెలిగిస్తారు?"

"ఈ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఎవరు?"

మిర్యామ్ గ్లాసులు సర్దింది. "మా ఆయన. నాలుగింటికి పాల బండి తియ్యాలిగా. వేడిగా ఏదో ఒకటి తాగి వెళ్తాడు."

పదకొండింటికి పాల లారీ వచ్చి ఆగింది. నోహేలియా అన్న గిల్దార్దో దిగాడు. నలభై ఆరేళ్ల మనిషి. నిండైన విగ్రహం, చక్కటి నవ్వు. తన గది తలుపుకు వేలాడుతున్న పెద్ద తాళం కప్పను ఎవేలియో మెచ్చుకుంటే మురిసిపోయాడు.

"మా ఆవిడ పుట్టింట్లో ఉన్నప్పుడు వేశానండీ. దొంగలు. రెండు వారాల్లో రెండు రేజర్లు, ఒక ఫ్లాస్కు. ఇంట్లోకొచ్చి గడ్డం గీసుకుని టీ తాగి పోయే దొంగని మీరెక్కడైనా చూశారా?"

"దొరికాయా?"

"రేజర్లా? ఈవిడ వచ్చాక ఎక్కడో దొరికాయంది. ఈవిడకి అన్నీ దొరుకుతాయి."

హెర్సిలియా నవ్వింది. "పట్నంలో పరీక్షకి వెళ్తారట కదా. ఎలా రాస్తారు?"

"పదికి పది." అతడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆదివారం ఆదివారం ఈవిడ దగ్గరుండి చదివిస్తుంది. బళ్లో కూడా ఇంత చదవలేదు నేను."

"మీరూ చదువుతారా?" అని హెర్సిలియా, అప్పుడే బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ నోహేలియాను అడిగింది.

"ఊళ్లో అందరూ చదువుతారు దోన్యా. పోయినేడు వెళ్లొచ్చినవాళ్లు మాటలు చెబుతారు. తప్పు చెబితే డాక్టర్లు ఏమనుకుంటారో అని."

"అయితే నేనూ ఒక పరీక్ష పెడతాను, సరదాకి. అయిదు మాటలు. గొడుగు, నిమ్మకాయ, తాడు, కిటికీ, మేక. కాసేపాగి అడుగుతాను."

తరువాత ఆమె వాన గురించి, పాల ధర గురించి, ఎవేలియో బస్సులో ఒకసారి టికెట్ అడిగిన బిషప్పు గురించి మాట్లాడింది. ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పుడు నోహేలియా వైపు తిరిగింది.

"గొడుగు," అంది నోహేలియా, ఎవరో కొడతారన్నట్టు. "నిమ్మకాయ. తాడు. మేక... కిటికీ. తప్పయితే క్షమించండి."

"గిల్దార్దో గారూ?"

అతడు నిటారుగా కూర్చుని గడగడా చెప్పేశాడు. "ఢంకా, తెర, గంట, కాఫీ, బడి, అమ్మ, చంద్రుడు, తోట, టోపీ, ఏరు." చెప్పి భార్య వైపు చూశాడు. మిర్యామ్ గ్లాసుల పళ్లెం ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

బస్సులో ఎవేలియో ఆశ్చర్యం ఆపుకోలేకపోయాడు. "అయిదు అడిగితే పది చెప్పాడు దోన్యా. నాకు మూడే గుర్తున్నాయి. నన్ను కూడా పరీక్షకి పంపిస్తారా?"

"నీకు గుర్తున్న ఆ మూడూ నేను చెప్పిన మాటలేనా?"

"అవే."

"అయితే నిద్రపో," అంది హెర్సిలియా.

*

శుక్రవారం ఉదయం పది గంటలకు అందరూ వసారాలో ఉన్నారు. నెలకొకసారి ఎమెరీటాను చూడడానికి పరిశోధన కేంద్రం నుంచి వచ్చే నర్సు లుసెయ్యీ కూడా ఉంది. హెర్సిలియా నిలబడి, నోటు పుస్తకం తెరిచి, మెల్లగా మొదలుపెట్టింది.

"పోయిన వస్తువులు చూడండి. రేజర్, పాల క్యాన్ మూత, ఫ్లాస్కు, దారిలో తినే జున్ను. ఇవి బడిపంతులమ్మ చేతిలో ఉండే వస్తువులు కావు. నాలుగింటికి లేచి పాల బండి తీసే మనిషివి. స్టవ్ కూడా అంతే. రాత్రి ఆర్పకుండా వదిలేసి ఉంటే, నాలుగింటికి లేచే మనిషికే ముందు కనబడేది. ఆరింటికి లేచే నోహేలియా, తన కంటే ముందే మండుతున్న స్టవ్వుని ఎలా వెలిగిస్తుంది?"

గిల్దార్దో కనుబొమలు ముడిపడ్డాయి.

"మార్చిలో రెండు వారాలు నోహేలియా డబ్బాల్లో, పెట్టెల్లో ఏదీ దొరకలేదు. కానీ ఆ రెండు వారాల్లోనే గిల్దార్దో గారి గదిలో వస్తువులు పోయాయి. దొంగ అనుకుని తాళం వేశారు. పొయ్యేది ఎప్పుడూ ఒక చోటే. దొరికేది మాత్రం వేరే చోట. అక్కడి నుంచి ఇక్కడికి మోసే మనిషి ఆ రెండు వారాలూ ఊళ్లో లేదు."

నోహేలియా వదిన వైపు తిరిగింది. "వదినా?"

మిర్యామ్ అత్తగారి ఒళ్లోని దుప్పటి సర్దసాగింది.

"నిన్న నేను అయిదు కొత్త మాటలు చెప్పాను," అంది హెర్సిలియా. "నోహేలియా అయిదూ చెప్పింది. ఇంకొకరు ఆదివారాలు బట్టీ పట్టిన పాత పది చెప్పారు. నేను డాక్టర్ని కాను. అది జబ్బో కాదో చెప్పాల్సింది డాక్టర్లు. నేను చెప్పగలిగింది ఒక్కటే. నోహేలియా ఏమీ పోగొట్టలేదు."

"నా పెనిమిటిని లారీ దింపేస్తే ఆయన బతకడు," అంది మిర్యామ్, నేల చూస్తూ. "ముందు ఆయన ఎక్కడెక్కడో పెట్టి మర్చిపోయినవి ఎవరికంటా పడకుండా దాచేదాన్ని. తర్వాత... ఇద్దరిలో ఒకరికే కదా వచ్చేది. అది నోహేలియాకి అయిపోతే, ఇక ఆయనకి ఉండదు కదా. ఆయనది ఉత్త పరధ్యానమే అవుతుంది కదా. దాని బియ్యం డబ్బాలో పెట్టిన రోజు నాకు నిద్ర పట్టేది. నిజంగా దానికే వచ్చిందని నేనే నమ్మేశాను."

"నా కూతుర్ని పంపించేస్తుంటే చూస్తూ ఊరుకున్నావు," అంది నోహేలియా. గొంతు పెంచలేదు.

"సంచి సర్దింది కూడా నేనే."

హెర్సిలియా మిర్యామ్ ఎదురుగా కూర్చుంది. "మీకెంతమంది పిల్లలు?"

"ఇద్దరు. పెళ్లిళ్లయి బేయో పట్నంలో ఉన్నారు."

"మొదట ఎవరు పుట్టారు?"

"ఆడపిల్ల."

"ఆడో మగో సగం సగం కదా. మొదటిది ఆడపిల్ల అయిందని, రెండోసారి మగపిల్లాడు తప్పనిసరిగా పుట్టాడా?"

మిర్యామ్ పెదవులు కదిలాయి. "ఇద్దరూ ఆడపిల్లలే."

"ఇదీ అంతే. ప్రతి కాన్పుకీ లెక్క మొదట్నుంచి మొదలవుతుంది. ఇద్దరికీ రావచ్చు. ఇద్దరికీ రాకపోవచ్చు. ఒకరి వాటా ఇంకొకరి నెత్తిన పెట్టడం కుదరదు."

నర్సు తల ఊపింది. "నిజమే. మేం చెప్పినప్పుడు మీ ఊరంతా సరే సరే అన్నారు. ఏం అర్థమైందని మేమూ అడగలేదు."

"అంటే నాకు రాదని కాదు," అంది నోహేలియా.

"కాదమ్మా. రేపటి సంగతి నాకు తెలీదు. ఈరోజు మీ మతి మీ దగ్గరే ఉంది. పాప కూడా మీ దగ్గరే ఉండొచ్చు."

నోహేలియా లేచి లోపలికి వెళ్లింది. సర్దిన సంచిలోంచి చిన్న గౌన్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద పరవడం తలుపు సందులోంచి ఎవేలియోకు కనిపించింది. అతడు మొహం తిప్పుకుని పొగమంచు వైపు చూశాడు.

గిల్దార్దో ఒకరి తర్వాత ఒకరిని చూస్తున్నాడు. మాటలన్నీ విన్నాడు, అవి ఎవరి గురించో మాత్రం అతనికి ఎక్కడో జారిపోయింది.

"ఇంతకీ బాలేనిది ఎవరికి?" అన్నాడు, జాలిగా. "అమ్మకేనా?"

నర్సు ఒళ్లో రిజిస్టరు తెరిచి పెన్ను తీసింది. "మంగళవారం పెద్ద డాక్టరమ్మ ఉంటుంది. లారీ ఒక్కటే పని కాదు, ఊళ్లో వేరే పనులూ ఉంటాయి, దాని గురించి కూడా మాట్లాడదాం. ఇప్పుడు ఎవరి పేరు రాసుకోను?"

ఆ ఊళ్లో జబ్బు మొదలైన మనిషి పేరు బోబేరా అన్న మాటతో కలిపి ఎవరూ పైకి అనరు. మిర్యామ్ భర్త పక్కకు జరిగి, డీజిల్ మరకలున్న అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అతడు నవ్వాడు. ఆమె అతని ముఖంలోకే చూస్తూ, అందరికీ వినిపించేలా చెప్పింది.

"గిల్దార్దో. గిల్దార్దో సులేతా."