గీత దాటిన వంద

డ్యామ్ ఆఫీసులో ప్రోగ్రామర్‌ను చంపి, అతని కుర్చీలోనే కూర్చోబెట్టి పోయారు. ఊడ్చే ఆమె వచ్చి కాళ్ళు పైకెత్తమని అడిగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. అక్కడ పని జరిగే తీరే అంత.

"రేపట్నుంచి ఆ సీట్లో నువ్వు కూర్చుంటావు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్.

డిపార్ట్‌మెంటంతా 'చిరాకు' అని పిలుచుకునే ఏజెంట్ ముఖం చిట్లించాడు. "ఏ ప్రోగ్రామింగ్ భాష సార్?"

"ఫోర్ట్రాన్."

"మీరు రిటైరయ్యేలోగా ఒక్క మంచి పని ఇవ్వరా?"

"గేట్లు నడిపే ప్రోగ్రామ్‌లో విదేశీ ముఠా ఏదో దూర్చింది. అది పనిచేస్తే గేట్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, కింద ఊరు తుడిచిపెట్టుకుపోతుంది. మీ అక్కావాళ్ళు ఉండేది అక్కడే కదా?"

చిరాకు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది. కన్సల్టెంట్ వేషం. 'ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందా?' అంటుంది. 'ఇంకు కూడా అయిపోయింది' అను."

మర్నాడు పెట్టుడు మీసం కింద జిగురు కంపు భరిస్తూ చిరాకు డ్యూటీలో చేరాడు. చనిపోయినవాడి కీబోర్డును తుడవాలని కూడా ఎవరికీ తోచలేదు. మీటల సందుల్లో బిస్కెట్ పొడి, కప్పులో బూజు పట్టిన కాఫీ. తెర మీద కోడ్ అంతకన్నా రోతగా ఉంది.

వచ్చినవాడల్లా తనకు కావలసిన ముక్కను #ifdefకూ #endifకూ మధ్య కుక్కి వెళ్ళిపోయాడు. తీసిన పాపాన ఎవరూ పోలేదు. కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ గుమ్మంలో, C భాషవాళ్ళ ప్రీప్రాసెసర్ కాపలా ఉంటుంది. కమాండ్‌లో ఫలానా పేరు ఇస్తే ఆ ముక్కను లోపలికి వదులుతుంది, ఇవ్వకపోతే అది అసలు లేనట్టే. ఫోర్ట్రాన్‌కు ఈ C కాపలాదారుణ్ణి ఎవడు తగిలించాడో గానీ, వాణ్ణి చిరాకు మనసారా తిట్టుకున్నాడు.

సాయంత్రానికి దొరికింది. TERUPU అనే పేరు. ఆ పేరుకు ఎంత విలువ ఇస్తే గేట్లు అంత శాతం లేస్తాయి. టెస్టింగ్‌వాళ్ళు ఆ పేరు ఇవ్వరు కాబట్టి వాళ్ళ కంట పడదు. అసలు గేట్లకు ఎక్కించే రిలీజ్‌లో ఎవరైనా వంద అని ఇస్తే చాలు.

అప్పుడే గుప్పున సెంటు వాసన వచ్చింది. పట్టుచీరలో అందంగా నవ్వుతూ కన్సల్టెంట్ నిలబడింది.

"ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందా?"

"ఇంకు కూడా అయిపోయింది," అని చిరాకు ఆ ముక్కను చూపించాడు.

"ఎంత తొందరగా పట్టేశావు," అంటూ ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పిస్టల్ గొట్టం ఉంది. "నీకు ముందున్నాయనా పట్టేశాడు. రిలీజ్ మాత్రం చెయ్యనన్నాడు. రిలీజ్‌కు నీ కార్డు పెట్టు, వేలిముద్ర వెయ్యి, నేను చెప్పింది టైప్ చెయ్యి."

కోడ్ ఫైలుకు సీలు పడింది, ఒక్క అక్షరం కదపడానికి లేదు. చేతిలో ఉన్నది ఒక్క కమాండే. ఈ వేళకు అక్క పెరట్లో బట్టలు తీస్తూ ఉంటుంది, ఏరు గోడ పక్కనే. చిరాకుకు నిజంగా భయం వేసింది. ఆ పేరుకు విలువ ఇచ్చే -DTERUPU= అని కొట్టి, వరసగా సున్నాలు కొట్టుకుంటూ పోయి, చివర 100 పెట్టాడు.

"ఇన్ని సున్నాలెందుకు?"

"పాత ఫోర్ట్రాన్ మేడమ్. అంకెకు ఇంత వెడల్పు కావాలి. ముందు ఎన్ని సున్నాలున్నా వంద వందే కదా."

ఆమె Cలో పండితురాలు, ఫోర్ట్రాన్ అంటే చిన్నచూపు. "దరిద్రపు భాష," అంది. ఆ ఒక్క విషయంలో చిరాకు ఆమెతో మనస్ఫూర్తిగా ఏకీభవించాడు. చివర వంద ఉందో లేదో ఆమె మళ్ళీ చూసుకుని, "కొట్టు," అంది.

ఎర్రర్ ఏదీ రాలేదు. సైరన్ మోగింది, మోటార్లు గుర్రుమన్నాయి. ఆమె కిటికీ వైపు తిరిగింది. గేట్లు బిగుసుకునే ఉన్నాయి. తెర మీద సున్నా శాతం అని వచ్చింది. చిరాకు ఆమె మణికట్టు విరిచి పట్టుకున్నాడు. గుండు సీలింగ్‌లోకి దూసుకుపోయింది.

"వంద ఉంది. నా కళ్ళారా చూశాను," అంది ఆమె, చిరాకు చేతులకు బేడీలు వేస్తుంటే.

"ప్రీప్రాసెసర్ కూడా చూసింది మేడమ్. TERUPU ఉన్నచోట ఆ సున్నాలనూ వందనూ అతికించింది. ఈ పాత ఫోర్ట్రాన్‌లో లైనుకు డెబ్బై రెండు అక్షరాల గళ్ళే. ఆ గీత దాటింది కంపైలర్ చదవదు, చదవలేదని చెప్పదు కూడా. సున్నాలు లోపలున్నాయి, వంద బయట పడింది."

సైరన్ ఆపించి, ఆయాసపడుతూ మేనేజర్ వచ్చాడు. చిరాకు ఆ ముక్కను చెరపబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"ముట్టుకోకండి బాబూ. దేన్ని కదిపితే ఏది ఆగిపోతుందో ఎవరికి తెలుసు? ముందు #if 0, వెనక #endif పెట్టి నిద్రపుచ్చండి. ఎప్పుడైనా పనికొస్తుంది."

శత్రువు రాసినదాన్ని కూడా పారేయలేని ఆ మనిషికి చిరాకు ఓ దణ్ణం పెట్టాడు. బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, బావకి చెప్పు. ఎత్తు మీద ఎక్కడైనా ఇల్లు చూసుకోండి."

"ఎందుకురా? సైరన్ ఆగిపోయిందిగా. ప్రమాదం తప్పినట్టేగా?"

"ప్రమాదం తప్పింది అక్కా. డ్యామ్ ఆఫీసు అలాగే ఉంది."