పల్లంలోని తుమ్మ

ఆ పల్లం పేరెత్తితే చుట్టుపక్కల వాళ్ళు మాట మార్చేసేవారట. కనుచూపు మేర ఎండుగడ్డి. అక్కడక్కడ గొడుగు విప్పినట్టు ముళ్ళతుమ్మలు. చీకటి పడ్డాక పల్లంలోని తుమ్మ ఈల వేస్తుందనీ, విన్నవాళ్ళు వెంటనే తలుపు గడియ పెట్టుకోవాలనీ, ఈల వెంట పోయినవాడు తిరిగి రాడనీ చెప్పుకునేవారు. అప్పటికే ముగ్గురు మాయమయ్యారు...

వృక్షశాస్త్ర ఆచార్యులవారు ఈ మాట విని చిరునవ్వు నవ్వారు. వారు వచ్చిందే ఆ తుమ్మను వర్ణించి గ్రంథానికెక్కించడానికి. తోడు బావమరిది. జీపు నడపడం, కొమ్మలు కోయడం, తన అక్క మీద బావగారి ఫిర్యాదులు వినడం అతని పని.

ఇద్దరూ బస చేసింది ఒక ముసలమ్మ ఇంట్లో. ఆ ఇంటి ముందే అలాంటి చెట్టు ఒకటి ఉంది. ఆచార్యులవారు భూతద్దం పట్టారు. వేలెడు పొడవున తెల్లని జంట ముళ్ళు. కొన్నింటి మొదలు ఉబ్బి, గోలీకాయంత నల్లని బుడిపె అయింది. లోపల డొల్ల, డొల్ల నిండా చీమలు, అవి తొలుచుకున్న సన్నని రంధ్రాలు. ఒక బుడిపెను తుంచి రంధ్రం మీద ఊదారు. ఈల పలికింది.

ఇదేనమ్మా మీ దెయ్యం, గాలి వీస్తే పలుకుతుంది అని ముసలమ్మకు వివరించారు. ఆమె నవ్వలేదు.

చిక్కల్లా పువ్వు దగ్గర వచ్చింది. పువ్వు చూడనిదే జాతి తేలదు; ఈ చెట్టు పూయలేదు. దూరాన పల్లంలోని చెట్టు మాత్రం విరగబూసి ఉంది. ఆచార్యులవారు దుర్భిణిలో ఒక్కసారి చూసి, అదీ ఇదే జాతి అని తేల్చేశారు. దగ్గరికెళ్ళి ముల్లు చూడనిదే ఏ తుమ్మకూ పేరు పెట్టరాదని పాతికేళ్ళుగా శిష్యులకు బోధించిన మనిషి... తెల్లవారితే తిరుగు ప్రయాణమన్న తొందరలో పొద్దువాలగానే బావమరిదిని పంపారు.

"నన్ను దెయ్యం ఎత్తుకుపోతే అక్కకేం చెబుతారు బావా?"

"పీడ విరగడైందని."

"సరే. పువ్వులు దెయ్యం చేతే పంపిస్తాలెండి" అని సంచీ భుజాన వేసుకున్నాడు.

చీకటి పడింది. అతను రాలేదు. మందకాపరుల గుడిసెలో కబుర్లకు కూలబడి ఉంటాడు, అలవాటేగా అనుకుని ఆచార్యులవారు లాంతరు ముందు వర్ణన రాయసాగారు.

అప్పుడు... పల్లం వైపు నుంచి ఈల.

సన్నగా, పొడుగ్గా. ఆగింది. మళ్ళీ—

ముసలమ్మ లేచి గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. బయటికి పోవద్దని గుసగుసగా బతిమాలింది. అది గాలి, పోవలసిన పనే లేదని వారన్నారు. దెయ్యమని ఆమె నమ్మకం, గాలి అని వారి నమ్మకం. తలుపు మూసి ఉంచడంలో మాత్రం ఇద్దరి మాటా కలిసింది.

"రాత్రివేళ గాలికి ఈలవంటి ధ్వని" అని రాసి, కింద గీత కూడా గీశారు.

ఈల నీరసించి, తెల్లవారుజామున ఆగిపోయింది.

పొద్దున బావమరిది పక్క ఖాళీ. ఆచార్యులవారు పల్లానికి పరుగెత్తారు. చెట్టు నిండా పూలు. అలవాటుకొద్దీ చూపు ముళ్ళ మీద పడింది. తిన్నని ముళ్ళు. బుడిపె లేదు... రంధ్రం లేదు. వేరే జాతి.

ఈ చెట్టుకు ఈల వేయడం రాదు.

చెట్టు మొదలు దగ్గర గడ్డీ ముళ్ళకంపా కప్పేసిన పాడుబావి. కంప కొత్తగా విరిగి ఉంది. వంగి చూశారు. బావమరిది గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ళు వంకర తిరిగాయి. ఒళ్ళో పూలసంచీ. రెండు వేళ్ళు ఇంకా పెదవుల మధ్యే ఉన్నాయి. అంత లోతు నుంచి కేక పైకి రాదు, ఈల వస్తుంది.

అతని చుట్టూ ఎముకలు. మూడు పుర్రెలు.

వెనకనుంచి ఆయాసపడుతూ ముసలమ్మ వచ్చింది. లోపలికి చూసింది. ఎముకల నడుమ ఇత్తడి పొన్ను వేసిన కాపరికర్ర ఒకటి పడి ఉంది. ఆమె దాన్ని వేలితో చూపింది.

"మా ఆయనది" అంది మెల్లగా. "రెండు రాత్రులు ఈల వేశాడు బాబూ... రెండు రాత్రులూ గడియ పెట్టింది నేనే."