గోడలో టక్కుమన్న చప్పుడు

రాజపాళయంలో సుందరరాజా ఇంటి వెనకగది గోడ మీద దీపాలవేళ దాటాక ఎవరూ చెయ్యి వేయరు. ఆ గోడ ముందు ఒకసారి టక్కుమంటుందట... ఆపైన మనిషిని పట్టుకుంటుందట.

వైర్‌మ్యాన్ బాలుసామిని అలాగే పట్టుకుంది. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం పాత వైర్లు మార్చడానికి వెళ్లాడు. దీపాలవేళకు టక్కుమన్న చప్పుడు వాకిట్లో ఉన్న సుందరరాజాకు వినబడింది. లోపలికి వెళ్లి చూస్తే బాలుసామి ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. చొక్కా జేబులో ఆ ఇంటి మెయిన్ ఫ్యూజు — తెల్ల పింగాణీది.

పనికి ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం అతని అలవాటు. అది అక్కడుంటే తనకు తెలియకుండా కరెంటు ఎవరూ పెట్టలేరు. మరి ఆ గోడకు కరెంటు ఎక్కడిది?

దెయ్యమే అన్నారు. టీ కొట్టులో ఇంకో మాట పుట్టింది. "దెయ్యమూ లేదు, ఏమీ లేదప్పా. ఫ్యూజు పీకేది మరిచినాడు. పరువు పోతుందని తమ్ముడు వచ్చి జేబులో పెట్టినాడు."

ఆ తమ్ముడు అళగిరి, అతనూ వైర్‌మ్యానే. మాట చెవినపడ్డ మర్నాడే ఆ ఇంటికి వెళ్లాడు. వెంట బాలుసామి భార్య పొన్నమ్మాళ్.

"నువ్వు వాకిట్లో ఉండు వదినా."

"ఉండను. దెయ్యమైతే, నా మొగుణ్ణి ఎందుకు కొట్టినావని మొగం మీదే అడుగుతా."

అళగిరి మెయిన్ ఆపాడు. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. వెనకగది గోడలోంచి వచ్చిన రెండు తీగల కొసలకు టెస్టు బల్బు తగిలించాడు. వెలగలేదు.

"కరెంటు లేదు," అన్నాడు మెల్లగా. "అన్న కూడా ఇట్లానే చూసి, నమ్మి, చెయ్యి పెట్టింటాడు."

"నువ్వు?"

"పెట్టను. కూర్చుంటాను."

కూర్చున్నారు. ఎండ కిటికీ దాటింది... గది మసకబారింది... ఒకరి మొగం ఒకరికి కనబడటం మానేసింది...

టక్.

గోడలోనే!

బల్బు భగ్గున వెలిగింది.

పొన్నమ్మాళ్ అరవలేదు. "ఫ్యూజు?" అంది గుసగుసగా. అళగిరి జేబు తడిమాడు — ఉంది.

"మరి ఆ గోడకు అవతల ఎవరుండారు?" అంది ఆమె.

అవతల సుందరరాజా అన్న, రామలింగరాజా. అన్నదమ్ములు ఒక్క ఇంటిని నడుమ గోడ కట్టి పంచుకున్నారు. పదేళ్లుగా మాటల్లేవు.

"నువ్వు పో. నేను దీన్ని చూస్తూ ఉంటా," అంది పొన్నమ్మాళ్.

అళగిరి వీధి చుట్టి వెళ్లాడు. రామలింగరాజా ఇంకా ఆ నడుమ గోడకే బిగించిన మెయిన్ దగ్గర ఉన్నాడు.

"ఇప్పుడే వేసినారా అయ్యా?"

"రోజూ దీపాలవేళకే వేస్తాను. పగలంతా కరెంటు ఎందుకు?"

"ఒకసారి ఆపండి."

"నా ఇంట్లో నాకు చెప్పేదానికి నువ్వెవరు?"

"బాలుసామి తమ్ముణ్ణి."

రామలింగరాజా చెయ్యి తనంతట తానే మెయిన్ మీదకు పోయింది. టక్.

గోడ అవతల నుంచి పొన్నమ్మాళ్ గొంతు వినబడింది: "ఆరిపోయె!"

"ఇల్లు పంచుకొన్నారు," అన్నాడు అళగిరి. "గోడలో తీగను పంచుకొనేది మరిచినారు. అది ఇంకా మీ మెయిన్‌కే తగులుకొని ఉండాది." మారుమాట కోసం ఆగకుండా ఆ ఫ్యూజు కూడా పీకాడు.

టీ కొట్టు బల్ల మీద రెండు ఫ్యూజులూ పక్కపక్కన పెట్టాడు.

"ఇది అన్న జేబులో దొరికింది. ఇది గోడకు అవతలిది. మరిచింది ఎవరో ఇప్పుడు చెప్పండప్పా."



ఆ రాత్రి రామలింగరాజా ఇంట్లో ఆముదం దీపమే వెలిగింది.