వాన మీద వేసిన పాట

"నీ కెమెరాకు ఆఫ్ బటన్ ల్యాదా అప్పా?"

ఇందు మద్దిలేటితో మాట్లాడిన మొదటి మాట అది.

అతను ఎమ్మిగనూరు నుంచి బైక్ మీద ఆదోనికి వచ్చి, వాళ్ళ హాల్లో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. పెళ్ళిళ్ళకు వీడియో తీయడం అతని పని. ఆ వీడియోలను ఇంట్లోనే కంప్యూటర్‌లో ముక్కలు చేసి, వరసలో పేర్చి ఇవ్వడం ఇందు పని.

"ఉంది మేడం. ఏమైంది?"

"ఏమైందా? ఇరవై రెండు నిమిషాలు నీ చెప్పులు తీసినావు. పెండ్లికొడుకు కంటే అవే ఎక్కువసేపు కనిపిస్తాండాయి."

మద్దిలేటి స్క్రీన్ వైపు వంగి చూశాడు. నిజమే. ఆపడం మరిచిపోయిన కెమెరా చంకలో వేలాడుతూ, భోజనాల దగ్గర నుంచి పందిరి దాకా అతని చెప్పులనే తీసింది.

"కొత్తవి మేడం. ఎవరన్నా ఎత్తుకపోతారేమోనని కెమెరా కూడా కాపలా కాసింది."

హాల్లో ఆ మూల అనపకాయలు ఒలుస్తున్న రుక్మిణి ఫక్కున నవ్వి, వెంటనే సర్దుకుంది. కూతురికి మాత్రం నవ్వు రాలేదు.

"ఆరు వందల పదకొండు క్లిప్పులు. ఒక్కదానికీ పేరు ల్యాదు. ఈయన ఎవరు? పెండ్లికొడుకు చిన్నాయనా?"

"కాదు, వంటాయన. చిన్నాయన ఇంకా లావు."

"ఇట్లయితే నాతో కాదప్పా. ఇంకమీద బటన్ నొక్కినాక ముందు నోటితో చెప్పు. ఏ ఊరు, ఏం జరుగుతాంది, ఎవరు. నేను విని, ఆ ముక్క కోసి పారేసి, మిగిలింది దాని ఫోల్డర్‌లో పెట్టుకుంటా."

"నా గొంతు కోసి పారేస్తారా?"

"దాచిపెట్టుకోనీకి అదేమన్నా బంగారమా?"

నియమం పెట్టింది ఇందూనే. అది గుర్తుంచుకోవాలి.

తర్వాతి పెళ్ళి హాలహర్విలో. కెమెరాలోని మెమరీ కార్డు తెచ్చి ఇచ్చాడు. ఇందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

"హాలహర్వి. పెండ్లికొడుకును తోడుకొస్తాండారు," అంది అతని గొంతు, క్రమశిక్షణగా. టక్. కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కితే క్లిప్ రెండు ముక్కలు. ముందు ముక్క పక్కకు, వెనక ముక్క ‘ఎదుర్కోలు’ ఫోల్డర్‌లోకి.

"హాలహర్వి. భోజనాలు. వంకాయ కూరలో ఉప్పు ల్యా."

టక్.

"హాలహర్వి. పెండ్లికొడుకు చెల్లెలు. నన్నే చూస్తాంది. నేను చూడల్యా. మీకు తెలిసుండాలని చెప్తాండా."

ఇందు వేలు కీ మీదే ఆగింది. నాలుగడుగుల దూరంలో తల్లి కూర్చుని ఉంది. చెవుల్లో మాత్రం ఒక మగగొంతు, ఇంకెవరికీ వినపడకుండా.

ఆ ముక్కను పారేయలేదు. ‘పక్కన’ అని కొత్త ఫోల్డర్ తెరిచి అందులో వేసింది.

మూడో పెళ్ళికి ‘మేడం’ పోయి ‘ఇందు’ వచ్చింది. నాలుగో పెళ్ళికి పెళ్ళి సంగతులు తగ్గి మిగతా సంగతులు పెరిగాయి. తన నాయన ఎర్రిస్వామి మగ్గం నేస్తూ ఏం పాడతాడో, దేవరగట్టు జాతరలో జనం కొట్టుకునే కర్రల మధ్య కెమెరా పట్టుకుని ఎలా పరుగెత్తాడో, అన్నీ పది పది సెకన్లలో చెప్పేవాడు. ఇందు జవాబు మాత్రం గుమ్మం దగ్గర, తల్లి ఎదుట, పని మాటల్లోనే.

"ముప్పై నాలుగో క్లిప్‌లో వెలుగు ఎక్కువైంది."

"అయితే తగ్గించుకో."

"తగ్గించబుద్ధి కాల్యా."

మద్దిలేటి బైక్ కిక్ కొట్టడం మరిచిపోయి దాని మీద ఊరికే కూర్చున్నాడు. రుక్మిణి అనపకాయల మీద నుంచి తలెత్తి ఇద్దర్నీ ఒకసారి చూసింది.

దెబ్బ ఆషాఢానికి ముందు పడింది.

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి ఇంటి పెళ్ళి. వీడియో త్వరగా కావాలని వాళ్ళు ప్రాణం తీశారు. ఆ తొందరలో ఒక్క క్లిప్ మొదలు కోయడం ఇందు మరిచిపోయింది. ఇంటి మేడ మీద తెర కట్టి, చుట్టాలందరినీ పిలిచి, వీడియో వేశారు. తాళి కట్టే ఘట్టం రానే వచ్చింది. బాజా కంటే ముందు మద్దిలేటి గొంతు మోగింది.

"ఇందూ, ఈ పెండ్లికూతురి కోపం చూసినావా, అచ్చం నీదే. అందుకే దగ్గరికి పోయి తీస్తాండా."

అందరూ గొల్లుమన్నారు. ముందు వరసలో కూర్చున్న ఇందు తండ్రి కేశవులు నవ్వలేదు. ఆ పెళ్ళివారు మార్కెట్లో ఆయన పక్క అంగడివాళ్ళే.

ఇంటికి వచ్చి ఒకే మాట అన్నాడు. "ఆ కంప్యూటర్ మిషన్ రేపు అమ్మేస్తాండా."

రుక్మిణి అడ్డం పడింది. పిల్ల పని పిల్లకు ఉండనీ అంది. పిల్లోడు గడప దాటి లోపలికి రాడంది. కేశవులు పడుకున్నాక ఇందును వంటింట్లోకి పిలిచింది.

"పని మానొద్దు. కానీ ఆ పిల్లోని గొంతు ఇంక నీ చెవిన పడగూడదు. ఆడ మగ్గం నేసేవాళ్ళు, ఈడ మండీ నడిపేవాళ్ళు. జరిగేది కాదు ఇది. నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు."

"అమ్మా..."

"పెట్టే."

ఇందు పెట్టింది.

ఆ రోజు నుంచి హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టి, స్పీకర్ కూడా ఆపేసి పని చేసింది. తెర కింద ఆకుపచ్చ గీత శబ్దం ఉన్నచోట కొండలా లేస్తుంది, లేనిచోట నేలలా పడి ఉంటుంది. మొదటి కొండ ఎక్కడ దిగితే అక్కడ టక్. వినకుండానే ఆ ముక్క ‘పక్కన’లోకి. బొమ్మ చూసి మిగతాది సర్దుకునేది. తల్లి మీద ఒట్టు నిలబడింది. మద్దిలేటి మాటలూ నిలబడ్డాయి, ఒకదాని పక్కన ఒకటి, ఎవరూ వినకుండా.

ఈ సంగతి అతనికి చెప్పలేదు.

శ్రావణంలో కౌతాళం పెళ్ళి మెమరీ కార్డు వచ్చింది. అందులో ఒక క్లిప్ ఇందుకు తెగ నచ్చింది. ఖాళీ పందిరి, తిరగేసిన కుర్చీలు, వాటి మీద వాన. నలభై సెకన్లు కెమెరా కదలలేదు. ఆకుపచ్చ గీత మాత్రం మొదటి నుంచి చివరిదాకా కొండలే. వాన చప్పుడు అనుకుంది. ఇంత మంచి బొమ్మను ముక్క చేయడం ఇష్టంలేక, శబ్దం తీసేసి, దాని మీద సన్నాయి పాట వేసి, వీడియోకు అదే మొదలుగా పెట్టింది.

ఆదివారం ఆదోనిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే వాన.

సోమవారం మద్దిలేటి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుమ్మం బయటే నిలబడి తుమ్ముతున్నాడు. రుక్మిణికే జాలేసి మిరియాల కషాయం తెచ్చి ఇచ్చింది. తల్లి మెత్తబడిందని ఇందుకు ధైర్యం వచ్చింది. తలుపు పక్క నుంచి నవ్వుతూ కౌతాళం వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ అందించింది.

"నిన్న వానలో యాడ తిరిగినావప్పా? పనీపాటా ల్యాకుండా?"

మద్దిలేటి ఆమెను చూశాడు. చెంప మీద కొట్టించుకున్నవాడి చూపు. గ్లాసు గడప మీద పెట్టాడు, సగం కషాయం అందులోనే ఉంది.

"నీకు తెలీదా?" అన్నాడు.

"నాకెట్ల తెలుస్తాది?"

అతను బైక్ ఎక్కాడు. బైక్ వీధి మలుపు తిరిగేదాకా ఇందు చూస్తూనే ఉంది. జ్వరం వల్ల చిరాకేమో అనుకుంది.

తర్వాత కార్డులు వేరేవాళ్ళ చేతికి ఇచ్చి పంపసాగాడు.

కార్తీకం ముగిసేసరికి కంప్యూటర్‌లో జాగా నిండిపోయింది. పనికిరానివి తీసేయాలి. ఇందు ‘పక్కన’ ఫోల్డర్ తెరిచి, ముక్కలన్నీ వరసగా పరిచింది. రెండు వందల పైన ఉన్నాయి. వినలేదు, చూసింది. ఆకుపచ్చ కొండలు. కొండ పక్కన కొండ. కౌతాళం దాటేసరికి, ఉన్నట్టుండి, నేల.

ఆ తర్వాతి పెళ్ళిళ్ళన్నింటిలోనూ నేలే. బటన్ నొక్కి, పది సెకన్లు నోరు మూసుకుని, అప్పుడు పెళ్ళి తీశాడు. కోసేటప్పుడు తొందరలో ఇందు అది గమనించలేదు. ఒక్క ముక్కలోనూ ఊరి పేరైనా లేదు.

ఎక్కడ ఆగిపోయాడు? చివరి కొండ ఏది? ఇందు వెతికింది. అది ‘పక్కన’లో లేదు. పెళ్ళి వీడియోలోనే ఉంది. సన్నాయి కింద.

కోసినా, పాట పరిచినా, అసలు ఫైలుకు ఏమీ కాదు. అది అలాగే పడి ఉంటుంది. ఇందు దాన్ని తెరిచి, హెడ్‌ఫోన్స్ చేతిలోకి తీసుకుని, వంటింటి వైపు చూసింది. లోపల తల్లి పోపు వేస్తోంది. ఇందు వాటిని చెవులకు పెట్టుకుంది.

వాన చప్పుడు కింద మద్దిలేటి గొంతు.

"ఇందూ, ఈ క్లిప్ పెండ్లిది కాదు. నాది. అందరూ లోపల తింటాండారు, నేనొక్కన్నే ఈడ ఉండా. ఎదురుగా అడిగేకి మీ గడప నన్ను రానీదు. ఫోన్‌లో అడిగే మాట కాదు. అందుకే ఇట్ల అడుగుతాండా. నన్ను చేసుకుంటావా? ఆదివారం పదకొండుకు ఆదోని స్టేషన్ బయట టీ బంకు కాడ ఉంటా. వస్తే, ఇద్దరం కలిసి మీ నాయన ముందరికి పోదాం. ఆయన కొట్టనీ, తిట్టనీ. రాకపోతే ఇష్టం ల్యాదనుకుంటా. మళ్ళా ఎప్పుడూ నిన్ను మాటతో విసిగించను. అంతే. వాన బాగుంది కదా?"

ఇందు హెడ్‌ఫోన్స్ తీయకుండానే లేచింది. తీగ లాగితే అవే ఊడి కింద పడ్డాయి.

"యాడికే?" అంది రుక్మిణి.

"ఎమ్మిగనూరుకు."

"పనా?"

"పని కాదు. విన్నానమ్మా."

రుక్మిణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కూతుర్ని ఆపలేదు.

ఎమ్మిగనూరులో బస్సు దిగి ఫోన్ చేసింది. మద్దిలేటి నడిచే వచ్చాడు. వీధి లోపల నుంచి మగ్గాల చప్పుడు వస్తోంది. కొత్త చొక్కా వేసుకున్నాడు. కుడిచేతి వేలికి ఉంగరం.

ఇందు ఉంగరాన్ని చూసింది. అయినా మొదలుపెట్టింది. ఒట్టు, స్పీకర్, ఆకుపచ్చ గీత, సన్నాయి, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"పొద్దు గూకేదాకా నిలబడినా," అన్నాడు మద్దిలేటి. "టీ బంకాయన మూసేసి పోతా, ‘ఇంగ రారులే అబ్బాయ్’ అన్న్యాడు. మర్నాడు నువ్వేమో నవ్వుకుంటా, వానలో యాడ తిరిగినావంటివి. ఇంటికి పోయి వీడియో చూస్తే నా మాట మీద పాట వేసినావు."

"నాకు తెలీదు మద్దిలేటీ. నిజంగా తెలీదు."

"నమ్ముతా. ఒక్కటి చెప్పు. ఒట్టు పెట్టుకున్నదానివి, నాకెందుకు చెప్పల్యా? గుమ్మం కాడ ఒక్క మాట. ‘నీ గొంతు వినడంల్యా’ అని. చాలు కదా?"

ఒక లారీ పోయింది. దుమ్ము సర్దుకుంది.

"చెప్తే నువ్వు మాట్లాడేది మానేస్తావని," అంది.

మద్దిలేటి నవ్వాడు. అందులో సంతోషం లేదు.

"అంటే నేను మాట్లాడతానే ఉండాల. నువ్వు వినవు. దాచుకుంటావు. బాగుంది ఇందూ."

"ఇప్పుడు విన్న్యా. ఇప్పుడు వచ్చినా. మా నాయన ముందరికి ఈ పొద్దే పోదాం, రా."

అతని చెయ్యి తెలియకుండానే ఉంగరం మీదకు పోయింది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఒక్క క్షణం, తీసేస్తాడని ఇందు అనుకుంది. తీయలేదు. తిప్పడం మానేశాడు.

"పోయిన గురువారం నిశ్చితార్థం అయింది. సంతోషి అని, మా వీధే. ఎవరూ ల్యాని చోట నా ముందరికొచ్చి నిలబడి అడిగింది, నీకు ఇష్టమేనా, ఎవరన్నా ఉంటే ఇప్పుడే చెప్పు అని. నేను ఎవరూ ల్యారన్న్యా."

"అప్పుడు అబద్ధం కాదు కదా అది."

"ఇప్పుడు దాన్ని అబద్ధం చేయమంటావా?"

చేయమనే అడగాలని ఉంది ఇందుకు. అతని ముఖం చూసి ఆగింది. అతనూ అదే మాట కోసం భయపడుతున్నాడు. అడిగితే కాదనగలడో లేదో అతనికే తెలియదు.

ఇందు అడగలేదు.

దూరంగా ఆదోని బస్సు కనిపించింది. ఇద్దరూ దాన్నే చూశారు. ఇందు కదల్లేదు. ఆపకపోతే అది వెళ్ళిపోతుంది, ఇంకో అరగంట దొరుకుతుంది. అరగంటలో ఏమైనా కావచ్చు.

మద్దిలేటి రోడ్డు మీదకు రెండడుగులు వేసి, చెయ్యెత్తి బస్సు ఆపాడు.

తలుపు తెరుచుకుంది. కండక్టర్ మెట్టు మీదకు వంగి ఇద్దర్నీ చూశాడు.

"ఆదోనికేనా? ఇద్దరా?"

"ఒక్కరే అన్నా," అన్నాడు మద్దిలేటి.