ఎనిమిదో నంబరు జవాబు

చల్లపల్లి అవతల కాలువ గట్టున మా కంపెనీ ఏడు నీటి మోటార్లకు రేడియో డబ్బాలు బిగించింది. రేడియో పనంతా నా ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రామే చూసుకుంటుంది. పక్కన అరచేతిలో పట్టే పరికరం, చిన్న యాంటెన్నా, అంతే. ఆగమంటే మోటారు ఆగుతుంది. నడుస్తున్నావా అంటే డబ్బా జవాబిస్తుంది. ఒక్క ప్రశ్నకు రెండు జవాబులు వస్తున్నాయని ఆ రోజు నన్ను విజయవాడ నుంచి పంపారు.

రెండో జవాబు ఎనిమిదో నంబరు డబ్బాది. ఎనిమిదో డబ్బా మేం పెట్టనే లేదు. ఏ మహానుభావుడో నంబరు తప్పు కొట్టి ఉంటాడని తిట్టుకుంటూ గట్టు మీద కూర్చున్నాను.

మోటారు ఆపరేటరు చౌడయ్యగారు ఏడో మోటారు ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకున్నారు. గొట్టం మూతికి పట్టిన గుర్రపుడెక్క తియ్యడానికి, నడుముకు తాడు కట్టుకుని, మోటారు నీళ్ళు తోడే బావిలోకి దిగారు.

"నేను పైకొచ్చేలోపు మీ పెట్టెతో పేచీ తేల్చుకోండి మేడమ్" అని నవ్వారు.

నడుస్తున్నావా అని అడిగాను. ఏడు: ఆగింది. ఎనిమిది: నడుస్తోంది.

ఏడో డబ్బాకు విడిగా ఉన్న కరెంటు కూడా తీసేశాను. ఏడు మూగబోయింది.

ఎనిమిది: నడుస్తోంది.

ఏ మోటారూ నడవడం లేదు. గట్టంతా నిశ్శబ్దం. బావిలోంచి కుళ్ళిన డెక్క వాసన... దాంతోపాటే ముక్కిపోయిన తడిబట్టల వాసన.

"మేడమ్..." చౌడయ్యగారి గొంతు చాలా చిన్నగా వినిపించింది. "కాలు... లాగుతోందండీ."

తాడు పట్టుకుని లాగాను. రాలేదు. మొలలోతు నీళ్ళలోకి దిగిన మనిషి గడ్డం దాకా మునిగిపోయారు. నాకు ఏడుపొచ్చేసింది. కేకేస్తే పలికే దిక్కు లేదు. తాడును మోటారు దిమ్మెకు చుట్టేసి, ఎనిమిదికి ఆజ్ఞ కొట్టాను. ఆగు.

ఎనిమిది: ఆగింది.

తాడు వదులైంది. ఆయన పాక్కుంటూ పైకొచ్చి పడ్డారు. ఒళ్ళంతా బురద. ఆ ఒక్క కాలు మాత్రం ఎవరో తోమి కడిగినట్టు శుభ్రంగా ఉంది.

ఆయన్ని ఇంటికి చేర్చి, భార్య రాఘవమ్మగారికి అప్పగించి బస్సెక్కాను. ల్యాప్‌టాప్ మళ్ళీ తెరవలేదు. భయమేసింది, చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

బస్సు కూచిపూడి దాటాక గుర్తొచ్చింది. ఆగమన్న డబ్బా గంటసేపే ఆగుతుంది. ఈలోగా కొత్త ఆజ్ఞ రాకపోతే పాత పనిలోకి దిగిపోతుంది. పొలాలకు నీళ్ళు అందకుండా పోకూడదని, ఆ ఏర్పాటు ప్రోగ్రాంలో రాసింది నేనే.

గంట నిండడానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. మా రేడియో రెండు కిలోమీటర్లు దాటి అందదు.

ఫోన్ చేశాను.

"రాఘవమ్మగారూ, ఆయనెలా ఉన్నారండీ?"

"పడుకున్నారమ్మా. మీరు పంపిన మనిషి కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు."

"నేనెవర్నీ..."

"ఒళ్ళంతా తడిసిపోయి ఉన్నాడు పాపం. తువ్వాలిస్తే తీసుకోలేదు. ఈయన కాలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు."

అవతల ఆమె గొంతు తగ్గించింది.

"టైమైపోతోందంటున్నాడమ్మా... ఇప్పుడేం చెయ్యాలో మిమ్మల్ని కనుక్కోమంటున్నాడు."