కుదుపు లేని బండి

ఘాట్ దారులు కొట్టుకుపోయి తొమ్మిదేళ్లయింది. మన్యంలో ఇప్పుడు తారు రోడ్లు లేవు. వేయమని అడిగేవారూ లేరు. బండరాళ్ల మీదుగా, వాగుల గుండా రోగుల్ని తెచ్చే బండ్లలో నిండు గర్భిణులు సైతం కునుకు తీస్తున్నారు. వెనక చక్రాలకు బిగించిన ‘శమనులు’ క్షణానికి వెయ్యిసార్లు నేల తీరును చదివి, ప్రతి కుదుపునూ పుట్టకముందే మింగేస్తాయి. బండి ఆగి ఉన్నా వాటి పని ఆగదు.

ఆ మధ్యాహ్నం కూడా వాన పడుతూనే ఉంది. పాడేరు షెడ్డులో మెకానిక్ వంతల కాసులమ్మ, కొత్త శమనులు బిగించిన బండిని సరిచూస్తోంది. ఆరుగురి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వెనక వేయించి, ఇరుసు నుంచి బాడీ అంచు దాకా టేపుతో కొలిచింది. ఎడమవైపు రెండు వేళ్లు కుంగింది. స్ప్రింగు కింది రింగును నాలుగు చుట్లు బిగించి మళ్లీ కొలిచింది. రెండువైపులా సమానం. శమనుల కరెంటు ఆపి, బంపరు మీదికెక్కి గట్టిగా గెంతింది. బండి ఒక్కసారి దిగి, తొందర లేకుండా పైకొచ్చి నిలిచిపోయింది. రెండోసారి ఊగలేదు.

ఇక మిగిలింది శమన స్థాయి, అంటే కుదుపును నూటికి ఎంత మింగాలన్నది. డ్రైవరు కొర్రా లైకోన్ పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

“అక్కా, పూర్తిగా సంపేయకు. కొంచెం కుదుపు ఉంచు. నేల మెత్తబడితే నా నడుముకి తెలవాల.”

“కంపెనీవోళ్లు నూటికి నూరు పెట్టమన్నారు తమ్ముడూ.”

“నీకేటనిపిస్తంది?”

కాసులమ్మ స్థాయి ముల్లు మీద చెయ్యి వేసింది. ఇరవై ఏళ్లు కమాన్‌కట్టలు మార్చిన చేతులవి. ఎనభై చాలని ఆ చేతులకు తెలుసు. కానీ కిందటి నెల, వెన్ను విరిగిన ఒక మనిషి శమనులు లేని పాత బండి కుదుపులకు దారిలోనే ప్రాణం వదలడం ఆమె కళ్లారా చూసింది. ముల్లును నూరు దాకా తిప్పి సీలు వేసింది.

మూడోరోజు బొడ్డగుమ్మి అనే ఊళ్లో కొండ జారింది. ఊరివాళ్లంతా పరిగెత్తి బతికారు. రోగుల కోసం వెళ్లిన లైకోన్ బండి, అందులో ఎక్కి కూర్చున్న ఐదుగురు రోగులు మట్టి కిందికి పోయారు.

కాసులమ్మ వెళ్లేసరికి లైకోన్ ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒంటి మీద బురద ఇంకా ఎండలేదు.

“నువ్వెలా బయటపడ్డావు?”

“చక్రం కింద రాయి తీద్దామని దిగినానక్కా. కాళ్ల కింద నేల వొణికింది. ఊళ్లోవోళ్లు కేకలేసుకుంటా పరిగెట్టినారు. కొండ జారతంది, దిగండి దిగండని అద్దం మీద గుద్దినాను.”

“వాళ్లకి వినపళ్లేదా?”

“ఇనపడింది. నా మొకం సూసినారు కూడాను. లోపల సెలైను సీసా అయినా ఊగట్లేదక్కా. ఆళ్లకేటి తెలస్తాది? నాకు మతి పోయిందనుకున్నారు. ఒక ముసిలమ్మ తలుపు తీసింది.”

“తీసి?”

“జరిగి చోటిచ్చింది. ‘తడిసిపోతన్నావు బాబూ, లోపలికి రా’ అని నా చెయ్యి పట్టుకోని లాగింది.” లైకోన్ తల వంచుకున్నాడు. “ఎంత లాగినా ఆమె దిగలేదక్కా. నేనే ఇదిలించుకోని పరిగెట్టినాను.”