వంక ఒడ్డున ఎరుపు

తిరుపతిలో ఆటోలు ఎక్కడ ఎక్కువగా ఆగుతాయో మ్యాపు మీద రంగుల్లో చూపించడం నా ఉద్యోగం. ఆటో ఆగిన ప్రతిచోటా ఒక చుక్క. చుక్కలు పలచగా ఉంటే నీలం, కుప్పగా పడితే ఎరుపు. దాన్ని హీట్‌మ్యాప్ అంటారు. "అలిపిరిలో రద్దీ ఉండాదని చెప్పేదానికి నీకు జీతం కూడానా అయ్యా?" అని నా భార్య పల్లవి ఆటపట్టించేది.

పోయిన వానాకాలంలో ఆ నవ్వూ పోయింది. బడి నుంచి వస్తూ మా మోక్షిత వంక పొంగులో కొట్టుకుపోయింది. బిడ్డ దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయమన్నారు పెద్దలు. "నా బిడ్డ గడ్డిబొమ్మా?" అని పల్లవి వాళ్ల మీద విరుచుకుపడింది. నేనూ కర్మ చేయనన్నాను.

పాప చేతి వాచీ తానెక్కడున్నదీ నా ఫోనుకు చుక్కలు పంపేది. పొంగులో పాపతోపాటే అదీ పోయింది, చుక్కలూ ఆగిపోయాయి. ఆ చుక్కలన్నీ పోసి హీట్‌మ్యాప్ గీశాను. మా ఇల్లు ఎర్రగా వెలిగింది. నా బిడ్డ బతుకంతా ఆ కాస్త ఎరుపే. రోజూ సాయంత్రం దాన్ని చూసుకుని ఏడ్చేవాణ్ని.

ఒకరోజు వంక ఒడ్డున నీలం మరక కనిపించింది. మర్నాటికి పసుపు. ఆపైన ఎరుపు. పొరపాటేమోనని పాత చుక్కలన్నీ తీసేసి, అప్పుడే వస్తున్నవి మాత్రం ఉంచాను. ఇల్లు చల్లారిపోయింది. వంక మాత్రం మండుతూనే ఉంది. ఒక్క చుక్కతో ఎరుపు రాదు. అక్కడ ఎవరో ఉండాలి. చాలాసేపటి నుంచి... కదలకుండా...

పల్లవికి చెప్పకుండా పరిగెత్తాను. సన్నగా తుంపర. కుళ్లిన ఆకుల వాసన. ఒడ్డున ఎవరూ లేరు.

"మోక్షితా... ఇంటికి పోదాం రామ్మా..."

నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

ఫోను చూశాను. చుక్కలు నన్ను దాటి మా ఇంటి దారి పట్టాయి. సంతోషంతో వెనక్కి తిరిగాను. ఇసుకలో తడి అడుగులు... నా అడుగుల కన్నా పెద్దవి.

మళ్లీ ఫోను చూసేసరికి చుక్కలు ఇల్లు చేరిపోయాయి. పల్లవికి ఫోన్ చేశాను.

"తలుపు తీయొద్దు!"

"మెల్లిగా మాట్లాడయ్యా..." గుసగుసగా అంది. "పాప వచ్చిండాది. ఒళ్లంతా సల్లగా ఉండాది. తల తుడస్తా ఉండా."

"పల్లవీ... అది మన పాప కాదు."

వెక్కిళ్లు వినిపించాయి.

"తెలుసయ్యా... చేతులు మన పాపవి కావు. అయినా అమ్మా అని పిలిచింది కదా..."

ఫోను కట్టయింది.

మ్యాపులో మా ఇంటి మీది ఎరుపు వంక వైపు కదలడం మొదలైంది. పాప వాచీ ఒక్కటే. చుక్కలు మాత్రం రెండేసి పడుతున్నాయి, పక్కపక్కనే...